పని చేస్తుంటే మేలుకొనే జన్యువులు

ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవాళ్లను చూసి చాలామంది అనే మాట, "వీళ్లకిది రక్తంలోనే ఉంది" అని. బోర్లించిన కుండ కింద మంట. పలచటి గుడ్డను నీళ్లలా జారే బియ్యప్పిండిలో ముంచి, కాలుతున్న కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తారు. క్షణాల్లో రేకు తయారు. కొత్తగా పట్టినవాళ్లకు మాత్రం చిరుగుతుంది, లేదంటే మందంగా వస్తుంది. చేయగా చేయగా గాని చెయ్యి తిరగదు.

రక్తంలో ఉందనడం వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడమే. జన్యువులకు ఇందులో పాత్ర లేదని కాదు. ఉంది, కానీ వేరే రకంగా. పని నేర్చుకుంటున్న ఆ పూటే మెదడు కణాల్లో కొన్ని జన్యువులు మేలుకుంటాయి.

నాడీకణం బయట కాల్షియం లోపలికన్నా దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. నిండు కాలువ పక్కన తూము మూసి ఉన్న చేను లాంటిదన్నమాట. పక్క కణం నుంచి గ్లుటమేట్ అనే కబురు రసాయనం వచ్చి తగలగానే కణపొరలో ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కబురు ఒక ప్రొటీన్ నుంచి మరో ప్రొటీన్‌కు అందుతూ కేంద్రకం దాకా పోతుంది. అక్కడ డీఎన్ఏ మీద క్రెబ్ అనే ప్రొటీన్ ముందే కాచుకుని ఉంటుంది. దానికి ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్క ఒకటి తగులుకుంటే చాలు, సి-ఫాస్ లాంటి జన్యువులు మేలుకుని, ప్రొటీన్ తయారీకి కావలసిన వాటి నకళ్లు తయారవడం మొదలు. ఇదంతా నిమిషాల్లో పని.

సి-ఫాస్ ఇంత తొందరగా మేలుకుంటుందని 1984లో మైకేల్ గ్రీన్‌బర్గ్, ఎడ్వర్డ్ జిఫ్ అనే శాస్త్రవేత్తలు మామూలు కణాల్లో చూపించారు. 1987లో, మూర్ఛ తెప్పించిన ఎలుకల మెదడులోనూ అదే కనిపించింది. సి-ఫాస్ తయారుచేసే ప్రొటీన్ మళ్లీ ఇంకొన్ని జన్యువుల్ని లేపుతుంది. ఆర్క్ అనే జన్యువుది మరీ ముచ్చటైన కథ: దాని నకలు కేంద్రకం దాటి కణం కొమ్మల్లోకి ప్రయాణించి, ఒక కణం మరో కణాన్ని కలిసే సంధుల్లో పని జరిగినవాటి దగ్గరే ప్రొటీన్‌గా మారుతుంది, వాటి బలాన్ని సర్దుతుంది.

ఎలుకకు ఏదైనా నేర్పేటప్పుడు కొత్త ప్రొటీన్లు తయారుకాకుండా మందుతో ఆపితే, కాసేపు గుర్తుంచుకుంటుంది గానీ మర్నాటికి మరిచిపోతుంది. నేర్చింది నిలవాలంటే జన్యువులు కదలాల్సిందే.

ఈ ఏర్పాటు చెడితే ఎంత నష్టమో రెట్ సిండ్రోమ్ వచ్చిన ఆడపిల్లల్ని చూస్తే తెలుస్తుంది. ఏడాది, ఏడాదిన్నర దాకా బాగానే ఎదుగుతున్న పాప వచ్చిన మాటలు పోగొట్టుకుంటుంది, బొమ్మ పట్టుకునే చేతులు ఆ పని మరిచిపోతాయి. నాడీకణాల్లో జన్యువుల్ని అదుపులో ఉంచే మెక్‌పీ2 అనే ప్రొటీన్ లోపమే దీనికి కారణమని 1999లో తేలింది. నాడీకణం చురుగ్గా ఉన్నప్పుడు ఈ ప్రొటీన్‌కూ ఫాస్ఫేట్ తగులుకుంటుంది. 2007లో, జబ్బు ముదిరిన ఎలుకల్లో ఈ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును తిరిగి పనిచేయిస్తే లక్షణాలు చాలావరకు తగ్గాయి. కణాలు చచ్చిపోలేదు, సరైన జన్యువు కోసం ఎదురుచూస్తూ ఉన్నాయంతే. ఆ పిల్లల తల్లిదండ్రులకు అంతకన్నా పెద్ద కబురు లేదు.