ఈవీఎం మొరాయిస్తే ఇంటికెళ్ళిపోకండి బాబూ (అపోహలు - వాస్తవాలు)

టీచర్ని కాబట్టి ఎలక్షన్ డ్యూటీ తప్పదు, ఇప్పటికి నాలుగుసార్లు పీఓగా (ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే బూత్ ఇన్‌ఛార్జిగా) చేశా. ప్రతిసారీ వినే మాట ఒకటే: "మిషన్ పాడైందంటగా సార్, పొద్దున్నుంచి వేసిన ఓట్లన్నీ పోయినట్టేగా?"

పోవండీ! ఓట్లు ఉండేది కంట్రోల్ యూనిట్ (సీయూ) మెమరీలో, బ్యాటరీ పీకేసినా అక్కడే ఉంటాయి. మధ్యలో సీయూ గానీ బీయూ (మీరు బటన్ నొక్కే బ్యాలెట్ యూనిట్) గానీ ఆగితే వీవీప్యాట్‌తో (ఓటు ఎవరికి పడిందో స్లిప్ చూపించే ప్రింటర్) సహా సెట్టంతా మారుస్తాం, వీవీప్యాట్ ఒక్కటే ఆగితే దాన్నే మారుస్తాం. పాత సీయూ కూడా సీల్ అయ్యి కౌంటింగ్‌కి వెళ్తుంది, అందులో 212 ఉంటే ఆ 212 కూడా లెక్కలోకొస్తాయి.

2019 ఏప్రిల్ 11న ఏపీలో ఎన్ని బూతుల్లో ఈ గోలో గుర్తుందిగా, కొన్నిచోట్ల అర్ధరాత్రి దాకా ఓట్లు వేశారు. మా బూత్ స్కూల్లో రెండో తరగతి గది, నేనే బుద్ధిలేక వీవీప్యాట్‌ని తూర్పు కిటికీ పక్కన పెట్టించా. దాని సెన్సార్లకి ఎండ నేరుగా పడకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు, మర్చిపోయా, తొమ్మిదింటికల్లా ఎర్రర్. కొన్ని బూతుల్ని చూసుకునే సెక్టార్ ఆఫీసర్ జీపులో రిజర్వ్‌ది తెచ్చేసరికి గంటంబావు, ఈలోపు ఎవడో వాట్సాప్‌లో రీపోలింగ్ అంట అని పెట్టాడు, వరండాలో లైను సగం ఖాళీ. ఒక మామ్మ మాత్రం "పోతే మళ్ళీ రాలేను నాయనా" అని గోడకి చేరగిలబడి కూర్చుంది, వేసే వెళ్ళింది. హైదరాబాద్ నుంచి రాత్రంతా బస్సులో నిలబడి వచ్చిన కుర్రాడు మాత్రం వెళ్ళిపోయి సాయంత్రం 6:20కి వచ్చాడు. 6 కొట్టగానే లైన్లో చివరి మనిషికి 1 నంబరు చిట్టీ ఇచ్చి అక్కణ్ణుంచి ముందుకి పంచుకుంటూ వస్తాం, చిట్టీ ఉన్నవాళ్ళు ఎంత రాత్రైనా వెయ్యొచ్చు, లేనివాళ్ళని రానివ్వలేం. ఏం చెప్పను ఆ అబ్బాయికి?

మిగతా అపోహలు గబగబా. బ్లూటూత్‌తో మార్చేస్తారు: అందులో బ్లూటూత్ లేదు, వైఫై లేదు. బ్యాటరీ 99% చూపిస్తే మోసం (2024 హర్యానా గొడవ): కొత్త బ్యాటరీ 7.4 వోల్టుల కిందికి దిగేదాకా 99 అనే చూపిస్తుంది. 14% టెండర్ ఓట్లు (మన ఓటు ఇంకెవరో వేసేస్తే మనం కాగితం బ్యాలెట్ మీద వేసేవి) పడితే రీపోలింగ్: శుద్ధ అబద్ధం, ఫార్వర్డ్ చెయ్యకండి. నొక్కినా పడలేదు: బీయూ మీద పచ్చలైటు వెలిగాక నొక్కాలి, కంగారులో ముందే నొక్కేస్తారు, తప్పేం లేదు. స్లిప్ వేరే గుర్తుది వచ్చింది: 7 సెకన్లు కనపడుతుంది, నిజంగా తేడా ఉంటే ఎన్నికల రూల్ 49ఎంఏ కింద రాసివ్వండి, ఏజెంట్ల ముందే టెస్ట్ ఓటు వేయిస్తాం, కాకపోతే అబద్ధమని తేలితే కేసు.

అలాగని అంతా బ్రహ్మాండం అనను. అసలు పోలింగ్‌కి ముందు చేసే మాక్ పోల్‌లో 50 ఓట్లు వేయించి క్లోజ్, రిజల్ట్, క్లియర్ (ఆ ఓట్లు చెరిపేసేది) మూడూ నొక్కాలి, పొద్దున్నే ఆ హడావిడిలో క్లియర్ మర్చిపోయేది మిషన్ కాదు, మేమే. అలాంటి సీయూని కౌంటింగ్‌లో పక్కనపెట్టి, మెజారిటీ అందులోని ఓట్లకంటే తక్కువైతే వీవీప్యాట్ స్లిప్పులు లెక్కపెడతారు. మా పక్క బూత్ పీఓకి అదే జరిగింది. 17సీలో (పడిన ఓట్ల లెక్క రాసే ఫారం) 643, సీయూలో 693. రాత్రి ఒంటిగంటకి మిషన్లు అప్పగించే రిసెప్షన్ కౌంటర్ దగ్గర నిలబడి ఆ రెండు అంకెల్నీ మార్చి మార్చి చూస్తున్నాడు పాపం, టీ ఇస్తే కూడా తీసుకోలేదు.