ముసలి కుక్క రక్తానికే గిరాకీ

పెంబ్రోక్ వెల్ష్ కోర్గి జాతి కుక్కకు తొమ్మిది పదేళ్లు దాటాక, నడుస్తున్నప్పుడు వెనక కాలి గోళ్లు గచ్చు మీద గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తే పాదం తిప్పి చూడాలి. మధ్య వేళ్ల గోళ్లు అరిగిపోయి ఉంటాయి. పాదం మడతపడి పైభాగం నేలకు ఆనినా కుక్కకు తెలియదు, వెంటనే సరిచేసుకోదు. నొప్పి మాత్రం ఉండదు. నెలలు గడిచేకొద్దీ వెనక కాళ్లు రెండూ పడిపోతాయి, తర్వాత ముందు కాళ్ల వంతు. ఈ జబ్బు పేరు డీజెనరేటివ్ మైలోపతీ, పొట్టిగా డీఎం. వెన్నుపాములోని నరాల తంతువులు క్రమంగా క్షీణించిపోతాయి.

దీని వెనకున్న జన్యువు 2009లో బయటపడింది. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు డీఎం వచ్చిన 38 కోర్గిల డీఎన్ఏని, జబ్బు లేని 17 బంధువుల డీఎన్ఏతో పోల్చి చూశారు. తేడా 31వ క్రోమోజోమ్ మీద, ఎస్ఓడీ1 జన్యువు ఉన్నచోట తేలింది. మనుషుల్లో కండరాలను నడిపే నరాలు క్షీణించే జబ్బు ఏఎల్ఎస్, అది వంశపారంపర్యంగా రావడానికి ఒక కారణంగా 1993లోనే దొరికిన జన్యువు ఇదే. అదే మార్పు జర్మన్ షెపర్డ్, బాక్సర్ లాంటి మరికొన్ని జాతుల్లోనూ డీఎంతో ముడిపడి కనిపించింది.

యాభై అయిదు కుక్కలతో పని జరిగిపోయిందంటే ఆశ్చర్యమే. ఒక జాతి కుక్కలన్నీ కొద్దిమంది పూర్వీకుల సంతానం కావడంతో, డీఎన్ఏ లక్షల అక్షరాల పొడవున్న ముక్కలుగా తరాల పాటు కలిసే దిగివస్తుంది. అందుకే తక్కువ కుక్కలతోనే జబ్బు ముక్క ఎక్కడుందో పట్టేయవచ్చు. కాకపోతే ఆ 55 కుక్కల మీద వేసిన ముద్ర, అంటే ఇది రోగి, ఇది కాదు అన్న మాట, కచ్చితంగా ఉండాలి. సంఖ్య తక్కువైనకొద్దీ ఒక్క తప్పు ముద్రకే లెక్క చెదిరిపోతుంది.

పరిశోధకులు కుక్క రక్తం శాంపిల్ అడిగితే చాలామంది యజమానులు పొరబడేది ఇక్కడే. ‘మా కుక్కకు ఏ జబ్బూ లేదు కదా, దానితో వాళ్లకేం పని?’ అనుకుంటారు. రోగుల యజమానులు ఆశతో వాళ్లంతట వాళ్లే ముందుకొస్తారు. దొరకనిది జబ్బు లేకుండా ముసలిదైన కుక్క. నాలుగేళ్ల ఆరోగ్యవంతమైన కోర్గి డీఎం పరిశోధనకు పెద్దగా పనికిరాదు, దానికి రేపు జబ్బు రాదన్న భరోసా లేదు. పన్నెండేళ్లు దాటినా చలాకీగా మెట్లెక్కే కుక్క బంగారం. ఎస్ఓడీ1లో మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చి, రెండు ప్రతులూ చెడినా కొన్ని కోర్గిలు డీఎం రాకుండానే బతికేస్తాయి. అలాంటివాటిని రోగులతో పోల్చడం వల్లే ఎస్‌పీ110 అనే రెండో జన్యువు కూడా ముప్పును పెంచుతుందని 2016లో తెలిసింది.

రోగి అని తేల్చడమూ అంత తేలిక కాదు. కోర్గిల్లో వెన్ను డిస్కు జారడం మామూలే, దానికీ వెనక కాళ్లు తడబడతాయి. జర్మన్ షెపర్డ్‌కు కాళ్లు తడబడితే మన దగ్గర నేరం తుంటి కీలు మీదికే పోతుంది. ఎంఆర్ఐ తీస్తే డిస్కు, కణితి కాదని తెలుస్తుంది. డీఎం అని రూఢి అయ్యేది మాత్రం చనిపోయాక వెన్నుపామును మైక్రోస్కోపు కింద చూసినప్పుడే. అందుకే శవపరీక్షకు అంగీకారం ముందే రాసిచ్చి, డాక్టరుతో మాట్లాడి ఉంచుకోవాలి. దుఃఖంలో ఫోన్లు చేస్తూ కూర్చుంటే గంటలు గడిచి కణజాలం పాడవుతుంది. శరీరాన్ని చల్లగా ఉంచాలి తప్ప గడ్డకట్టించకూడదు, మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి.

ఇక పరిశోధనకు పంపే శాంపిల్. రక్తమైతే మూడు నుంచి అయిదు మిల్లీలీటర్లు, ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో. తీసిన వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, లేదంటే గడ్డకడుతుంది. ఆకుపచ్చ మూత ట్యూబు వద్దు. అందులోని హెపారిన్ అనే మందు, డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్‌కు అడ్డుపడుతుంది. పంపేదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు.

బుగ్గ లోపల రుద్దే స్వాబ్ ఇంట్లోనే తీయవచ్చు, డీఎన్ఏ మాత్రం తక్కువ వస్తుంది. గంట ముందు నుంచి తిండి పెట్టకూడదు. స్వాబ్ పుల్లను బుగ్గకూ చిగుళ్లకూ మధ్య అరనిమిషం గట్టిగా తిప్పాలి. లాలాజలం అంటితే చాలదు, కణాలు రాలాలి. పాలు తాగే కుక్కపిల్లల నోట్లో తల్లి కణాలు కలుస్తాయి కాబట్టి కాసేపు వేరుగా ఉంచాకే తీయాలి. తడి స్వాబ్‌ను ప్లాస్టిక్ సంచిలో మూసేస్తే సూక్ష్మజీవులు పెరిగి డీఎన్ఏని తినేస్తాయి. గాలికి ఆరబెట్టి కాగితం కవరులో పెట్టడం మేలు.

దీంతోపాటు పెడిగ్రీ, అంటే కుక్క వంశావళి పత్రం నకలు కూడా పంపాలి. ఒకే ఈతలోని నలుగురు తోబుట్టువులను నలుగురు విడి రోగులుగా లెక్కిస్తే కుటుంబ పోలిక కాస్తా జబ్బు గుర్తులా కనబడుతుంది. పరువు పోతుందని కుక్కపిల్లల్ని ఈనిపించే బ్రీడరు తండ్రి కుక్క పేరు మార్చి రాస్తే డీఎన్ఏ ఎలాగూ పట్టిస్తుంది, కానీ ఆ శాంపిల్ లెక్కలోంచి పోతుంది.

‘ఆరోగ్యవంతం’ కింద చేర్చిన కుక్కకు తర్వాత ఎప్పుడైనా పాదం మడతపడటం మొదలైతే, శాంపిల్ ఇచ్చి ఎన్నేళ్లయినా సరే, ప్రయోగశాలకు కబురు పెట్టాలి. రక్తం మళ్లీ తీయనక్కర్లేదు. రికార్డులో దాని మీద ఉన్న ముద్ర మారుస్తారు, అంతే.