బోనెట్ మీద సుడిగుండం

మా వీధిలో ఉండే ఒక అబ్బాయి రెండేళ్ల కిందట నల్ల కారు కొన్నాడు. కాణిపాకంలో పూజ చేయించి తెచ్చిన రోజు ఆ బోనెట్‌లో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత మెరుపు. మొన్న రాత్రి వీధి దీపం కింద నన్ను ఆపి, "సార్, మీరు ఫిజిక్స్ చెప్పినవారు కదా, ఇదేమిటో చూడండి" అన్నాడు. బోనెట్ మీద దీపం ప్రతిబింబం. దాని చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని వలయాలు. వాటర్ సర్వీసింగ్ షాపులో కుర్రవాడు గుడ్డను గిరగిరా తిప్పి తుడుస్తాడట. "వాడి పనే సార్" అని తీర్పు కూడా ఇచ్చేశాడు.

రెండడుగులు పక్కకు జరగమన్నాను. జరిగాడు. వలయాలూ అతనితోపాటు జరిగాయి. కుర్రవాడు గీసినవైతే గీసిన చోటే ఉండాలి కదా!

కారు రంగులో ఎన్ని పొరలుంటాయన్న కథ జోలికి పోను. మనకు కావలసింది పైపొర ఒక్కటే. షెడ్డులో దాన్ని "క్లియర్" అంటారు. రంగులేని పాలియురెథేన్ లాంటి పొర, మందం సుమారు 40 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). తలవెంట్రుక 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే దానికన్నా పలుచన. మెరుపంతా ఈ పొర ఎంత చదునుగా ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. పచ్చని కాంతి తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్లు. ఎదురుగా చూసినప్పుడు ఉపరితలంలో ఎత్తుపల్లాలు అందులో ఎనిమిదో వంతు, అంటే 0.07 మైక్రాన్లు దాటనంతవరకు కాంతికి అది అద్దమే. దాటితే కాంతి చెదరడం మొదలవుతుంది.

ఇప్పుడు ఒక గీతను దగ్గరగా చూడండి. అదొక చిన్న పంటకాలువ. కాలువ గట్లు అడ్డంగా వాలుతాయి, పొడవునా వాలవు. అందుకే గీత మీద పడిన వెలుగు దాని పొడవుకు అడ్డంగా మాత్రమే విసనకర్రలా విచ్చుకుంటుంది. బోనెట్ మీద దీపం ప్రతిబింబానికి కాస్త దూరంలో ఉన్న చోటును తీసుకోండి. అక్కడి నుంచి వెలుగు మీ కంటికి చేరాలంటే ఉపరితలం ప్రతిబింబం వైపుకు కొద్దిగా వాలాలి. ఆ వాలు ఏ గీతకు ఉంటుంది? ప్రతిబింబం ఉన్న దిశకు అడ్డంగా పడుకున్న గీతకే. బోనెట్ మీద వేల గీతలు ఇష్టం వచ్చిన దిక్కుల్లో ఉన్నాయి. వాటిలో అలా అడ్డంగా పడుకున్నవే వెలుగుతాయి, మిగతావి చీకట్లో దాక్కుంటాయి. వెలిగిన చిన్న చిన్న ముక్కలను కన్ను కలుపుకుని వలయాలు చేస్తుంది. మీరు జరిగితే ప్రతిబింబం జరుగుతుంది, అప్పుడు వేరే గీతల వంతు వస్తుంది.

వంటింట్లో దీనికి సాక్ష్యం ఉంది. పీచుతో ఏళ్ల తరబడి తోమిన స్టీలు కంచాన్ని ఫోను దీపం కింద పట్టండి. అవే వలయాలు. ఇంకా గమ్మత్తు ఏమిటంటే, నిజంగానే గుండ్రటి గీతలున్న వస్తువు ఇలా కనిపించదు. లేతు మీద తిప్పి నునుపు చేసిన స్టీలు డబ్బా మూతను తీసుకుని, దీపాన్ని కాస్త పక్కగా పెట్టి చూడండి. మధ్యలో నుంచి అటూ ఇటూ రెండు వెలుగు రెక్కలు విచ్చుకుంటాయి. మూతను దాని చోటులోనే గిరగిరా తిప్పినా రెక్కలు కదలవు! గుండ్రటి గీతలకు తిన్నని వెలుగు, దిక్కూమొక్కూ లేని గీతలకు గుండ్రటి వెలుగు. ముప్పై ఏళ్లు పరావర్తనం పాఠం చెప్పాను. అద్దం బొమ్మ, రెండు బాణాలు, రెండు సమాన కోణాలు వేసి గంట కొట్టగానే బయటపడ్డాను. ఒక్క కంచమైనా తరగతికి తీసుకెళ్లి ఉంటే బాగుండేది.

ట్యూబులైటు కింద, మబ్బు పట్టిన రోజున ఈ వలయాలు దాదాపు కనబడవు. వెలుగు ఒక బిందువు నుంచి రావాలి. ఎండా, ఎల్‌ఈడీ వీధి దీపమూ కారు బండారం బయటపెట్టేది అందుకే. తెల్ల కారున్నవాళ్లు గర్వపడనక్కరలేదు. ఒక పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. క్లియర్‌కు అది సుమారు 1.5, కాబట్టి ఎదురుగా పడిన కాంతిలో పైపొర తిప్పి పంపేది 4 శాతమే. నల్ల కారు మెరుపంతా ఆ నాలుగు శాతమే, వెనక నుంచి వచ్చే వెలుగు దాదాపు సున్నా. అందుకే అందులో చిన్న మచ్చ కూడా దాగదు. తెల్ల కారుకూ అవే గీతలుంటాయి, వెనక ఉన్న తెలుపు వాటిని మింగేస్తుంది.

"కడిగినప్పుడు కొత్తదానిలా ఉంటుంది సార్, ఆరగానే మళ్లీ మామూలే" అన్నాడు. మంచి పరిశీలన. రెండు పదార్థాల గుణకాలు ఎంత దగ్గరైతే వాటి మధ్య పరావర్తనం అంత తక్కువ. గాలికీ క్లియర్‌కూ మధ్య అది 4 శాతం. గీతలో నీరు నిండితే నీటి గుణకం 1.33 కాబట్టి, నీటికీ క్లియర్‌కూ మధ్య అది 0.36 శాతానికి పడిపోతుంది. ఇంట్లో నుంచి వేరుశెనగ నూనె తెప్పించి, ఒక్క చుక్క బోనెట్ మీద వేలితో రుద్దాను. నూనె గుణకం 1.47. లెక్కకు 0.01 శాతం. వేలు తిరిగిన మేర వలయాలు మాయం! అబ్బాయి కళ్లు వెలిగాయి. "అయితే కారంతా రాస్తే?" రాయవచ్చు. తెల్లారేసరికి అలిపిరి దుమ్మంతా దాని మీదే ఉంటుంది.

వ్యాక్స్ కూడా ఇదే పని కాస్త మర్యాదగా చేస్తుంది. గీతను పూడుస్తుంది, కొన్నాళ్లకు పోతుంది. రబ్బింగ్ కథ వేరు. అల్యూమినియం ఆక్సైడ్ లాంటి మెత్తని పొడితో గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్‌ను అరగదీస్తుంది. గట్లు తీసేస్తే కాలువ ఉండదు కదా. మెరుపు నిజంగానే తిరిగి వస్తుంది కానీ ప్రతిసారీ ఆ 40 మైక్రాన్లలో ఒకటో రెండో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో గుడ్డకు అంటుకుపోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు ఉన్నది ఆ పొరలోనే. ఏటా పండగకు రబ్బింగ్ చేయించే అలవాటు నాకు నచ్చదు. గోరుకు తగిలేంత లోతైన గీత జోలికి పోకుండా వదిలేయడమే మేలు.

మరి గీతలు ఎవరు గీశారు? తలెత్తి కొండ వైపు చూడండి. తిరుమల కొండల పైభాగం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. శిలాతోరణం ఆ రాయే. దాని కింద ఉన్నది గ్రానైటు. రెండింటిలోనూ పలుగురాయి ఉంది. మోహ్స్ కొలమానంలో దాని కాఠిన్యం 7, కత్తి ఉక్కు కన్నా ఎక్కువ. మన మట్టిలో, గాలిలో ఎగిరే దుమ్ములో ఆ రేణువులున్నాయి. ఉదయాన్నే పొడి గుడ్డతో కారు తుడవడమంటే కొండను గుడ్డలో చుట్టి రుద్దడమే. ఈ అబ్బాయి రోజూ చేసేది అదే!

పసుపు కుంకుమల మీద నాకు కోపం లేదు. టైరు కింద నిమ్మకాయ వల్ల రంగుకు వచ్చిన నష్టమూ లేదు. తెల్ల కారు మీద పసుపు మరక పడితే కంగారుపడి గీకవద్దు. అందులోని కర్క్యుమిన్ ఎండకు విరిగిపోతుంది, చీర మీద పసుపు మరకను ఎండలో వేసే మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. ఎండిన కుంకుమను పొడి గుడ్డతో రుద్దడమే తప్పు. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్మును జార్చాలి. తర్వాత సబ్బు నీటికి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకొకటి. బోరు నీళ్లు ఎండలో ఆరితే సున్నపు మచ్చలు మిగులుతాయి కాబట్టి నీడలో కడిగి వెంటనే తడి తీయాలి. తుడిచేది ముందు నుంచి వెనక్కి తిన్నగా. అప్పుడు పడే గీతలన్నీ ఒకే దిక్కున ఉంటాయి, వెలుగు ఒక్క వైపు నుంచి వచ్చినప్పుడే కనబడతాయి.

అన్నీ విన్నాడు కానీ కుర్రవాడి మీద అనుమానం పూర్తిగా పోలేదు. వీధి చివర ఆకులు రాలిన వేపచెట్టు ఉంది, దాని కొమ్మల వెనక దీపం ఉండేలా నిలబడి చూడమని పంపించాను. పది నిమిషాలకు ఫోను చేశాడు.

"సార్, కొమ్మలన్నీ దీపం చుట్టూ గుండ్రంగా తిరిగినట్టున్నాయి. ఈ చెట్టును ఎవరు తుడిచారు?"