చర్మం నుంచి తీసిన కణం మెదడు జబ్బు గురించి ఏం చెబుతుంది?

కాలేయానికి ఏదైనా అయితే డాక్టరు సూదితో చిన్న ముక్క తీయించి మైక్రోస్కోపు కింద పెట్టిస్తారు. స్కిజోఫ్రేనియా, బైపోలార్ డిజార్డర్ లాంటి మానసిక జబ్బులకి అలాంటి పరీక్ష లేదు, బతికున్న మనిషి మెదడులోంచి ముక్క కోసి చూడలేం కదా. అందుకే సైకియాట్రిస్టు ఈ రోజుకీ మాటల మీదే ఆధారపడాలి: నిద్ర పడుతోందా, పక్కన ఎవరూ లేకపోయినా గొంతులు వినిపిస్తున్నాయా, ఇంట్లోవాళ్ళతో ఎలా ఉంటున్నారు. పోనీ చనిపోయినవాళ్ళ మెదడు పరీక్షిద్దామంటే అప్పటికి జబ్బూ, ఏళ్ళ తరబడి వాడిన మందులూ, వయసూ అన్నీ కలిసిపోయి ఉంటాయి, ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం చాలా కష్టం.

ఇక్కడే ఆర్గనాయిడ్లు, అంటే మూలకణాల నుంచి ల్యాబ్‌లో పెంచే చిన్న కణాల ఉండలు, పనికొస్తున్నాయి. 2006లో జపాన్‌లో షిన్యా యమనక ఎలుక కణాల్లోకి నాలుగు జన్యువుల్ని పంపి, ఎదిగిపోయిన కణాన్ని మళ్ళీ మూలకణంలా, అంటే ఏ రకం కణంగానైనా ఎదగగలిగేలా మార్చారు. మరుసటి ఏడాది మనిషి చర్మ కణాలతోనూ అది కుదిరింది, 2012లో ఆయనకి నోబెల్ వచ్చింది. అలా వచ్చిన మూలకణాన్ని సరైన పోషకాలిచ్చి మెదడు కణంగా ఎదిగేలా చేయొచ్చు, పైగా అందులో ఉండేది ఆ రోగి జన్యువులే. 2013లో వియన్నాలో మాడెలిన్ లాంకాస్టర్, యుర్గెన్ నోబ్లిఖ్ బృందం ఈ కణాల్ని పలచగా పరవకుండా ఉండలా పెరగనిచ్చింది. అవి వాటంతట అవే పొరలు పొరలుగా, గర్భంలో మెదడు ఏర్పడేటప్పటి తీరులో సర్దుకున్నాయి. సైజు పెసర గింజంత.

దీన్ని చాలామంది "మినీ బ్రెయిన్" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఇందులో రక్తనాళాలు లేవు, కన్నూ చెవీ లేవు, అనుభవం లేదు. కాబట్టి ఇది దిగులు పడదు, భ్రమ పడదు. ఇది చూపించగలిగింది ఒక్కటే, ఫలానా జన్యువుతో పుట్టిన కణం ఎదిగేటప్పుడు ఎక్కడ దారి తప్పుతోందన్నది. నా దృష్టిలో అది చాలా పెద్ద విషయం, ఎందుకో టిమోతీ సిండ్రోమ్ కథ వింటే తెలుస్తుంది.

టిమోతీ సిండ్రోమ్ చాలా అరుదైన జబ్బు. గుండె లయ తప్పుతుంది, వేళ్ళు కలిసిపోయి ఉంటాయి, బతికి బట్టకట్టిన పిల్లల్లో చాలామందికి ఆటిజం కనిపిస్తుంది. ఇంతకీ కారణం కాక్నా1సీ అనే జన్యువులో ఒక్క అక్షరం మారడం. కణంలోకి కాల్షియాన్ని రానిచ్చే తలుపు ఈ జన్యువు వల్లే తయారవుతుంది, ఆ మార్పుతో తలుపు మూసుకోవాల్సిన దానికన్నా ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. (ఇదే జన్యువులోని చిన్నచిన్న తేడాలకి బైపోలార్, స్కిజోఫ్రేనియా ముప్పుతోనూ సంబంధం ఉందని తేలింది, అందుకే ఈ అరుదైన జబ్బు మీద ఇంత ఆసక్తి.) స్టాన్‌ఫర్డ్‌లో సెర్జియు పాష్కా ఏళ్ళ తరబడి ఈ ఒక్క జబ్బునే పట్టుకుని కూర్చున్నారు. 2017లో ఆయన బృందం మెదడులోని రెండు వేర్వేరు భాగాల్లాంటి ఆర్గనాయిడ్లని పక్కపక్కన పెట్టి అతుక్కోనిచ్చింది. గర్భంలో కొన్ని న్యూరాన్లు (మెదడు కణాలు) ఒక భాగంలో పుట్టి ఇంకో భాగానికి గెంతుకుంటూ వలస వెళ్తాయి, ఆ వలసని వాళ్ళు కళ్ళారా చూడగలిగారు. టిమోతీ ఉన్నవాళ్ళ కణాలు మామూలు కణాలకన్నా ఎక్కువసార్లు గెంతుతున్నాయి, కానీ ప్రతి గెంతూ చిన్నదే, దాంతో మొత్తం మీద వెనకబడిపోతున్నాయి.

ఈ వలస మొదలయ్యేది బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే. ఒకప్పుడు అమెరికాలో పేరున్న వైద్యులే పిల్లల ఆటిజానికి తల్లుల "చల్లదనం" కారణమని రాశారు, వాళ్ళని రిఫ్రిజిరేటర్ తల్లులన్నారు. మన దగ్గర గాలి సోకిందనో, పెంపకం సరిగ్గా లేదనో అంటారు. బిడ్డ పుట్టకముందే మొదలైన దానికి పెంపకాన్ని తప్పుపట్టడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

2022లో అదే బృందం మనిషి ఆర్గనాయిడ్‌ని అప్పుడే పుట్టిన ఎలుకల మెదడులో పెట్టింది. రక్తం అందడంతో న్యూరాన్లు ల్యాబ్ పళ్ళెంలో పెరిగినవాటి కన్నా దాదాపు 6 రెట్లు పెద్దవయ్యాయి, ఎలుక మీసాల్ని కదిపితే స్పందించాయి కూడా. 2024లో ఇంకో అడుగు పడింది. జన్యువులో తప్పు ఉన్న ముక్కని వదిలేసి దాని బదులు దాదాపు అలాంటిదే అయిన మరో ముక్కని కణం వాడుకునేలా చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ మందుని తయారుచేసి, ఈ ఎలుకల్లో ఉన్న మనిషి కణాల మీద ప్రయత్నించారు. కాల్షియం రాకడా, న్యూరాన్ల ఆకారమూ చక్కబడ్డాయి. ఆ మందు ఇంకా పిల్లల దాకా రావాలి, కానీ దీన్ని కనిపెట్టింది మాత్రం మనిషి కణాల్ని చూసే.

అయితే ఇంత స్పష్టంగా ఒక్క అక్షరానికి ముడిపడ్డ మానసిక జబ్బులు చాలా తక్కువ. 2022లో వచ్చిన పెద్ద అధ్యయనంలో స్కిజోఫ్రేనియాకి జన్యువుల్లో 287 చోట్ల సంబంధం కనిపించింది, ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది. పైగా ఆ జబ్బు ఎక్కువగా బయటపడేది ఇరవైల్లో, ఆర్గనాయిడ్ దాదాపు గర్భస్థ దశలోనే ఉంటుంది. డిప్రెషన్‌కి పళ్ళెంలోంచి రేపే మందు వస్తుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది లిథియం అనే మందు విషయం. బైపోలార్ ఉన్నవాళ్ళలో కొందరికి అది అద్భుతంగా పనిచేస్తుంది, కొందరికి అసలు పనిచేయదు, ఎవరికి పడుతుందో తెలియడానికి నెలలు వాడి చూడాలి, ఆ నెలల్లో ఇంట్లో అందరికీ టెన్షనే. 2015లో అమెరికాలోని సాల్క్ సంస్థలో ఫ్రెడ్ గేజ్ బృందం ఇలాంటి రోగుల కణాల నుంచి న్యూరాన్లు పెంచింది (ఉండలు కావు, పలచగా పరిచినవే). అవి అతిగా ఉద్రేకపడుతున్నాయి. లిథియం వేస్తే, ఆ మందు పడ్డ రోగుల న్యూరాన్లు మాత్రమే శాంతించాయి.

మన తెలుగువాళ్ళు కూడా వైద్యం కోసం వెళ్ళే బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో, అక్కడి ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ పరిశోధనా సంస్థలతో కలిసి 2016 నుంచి ఇలాంటి పనే జరుగుతోంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న కుటుంబాల్ని ఎంచుకుని, జబ్బు ఉన్నవాళ్ళ నుంచీ, అదే ఇంట్లో జబ్బు రానివాళ్ళ నుంచీ కణాలు తీసుకుని మూలకణాలుగా మార్చి దాచుతున్నారు. అన్నకి వచ్చి తమ్ముడికి ఎందుకు రాలేదన్నది ఇలాంటి ప్రతి ఇంట్లోనూ అడిగే ప్రశ్నే. ఇప్పుడు ఆ ఇద్దరి న్యూరాన్లనీ పక్కపక్కన పెంచి చూసే వీలుంది.