పట్టాలు పోతే పట్టా వస్తుందా? పాత రైలుకట్టల మీద అపోహలు - వాస్తవాలు

ఈ మధ్య మా వైపు ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది. అమెరికాలో రైళ్లు ఆగిపోయిన ఒక దారిలో పట్టాలు తీసేసి, నేల చదును చేసి నడకదారి వేశారు. జనం సైకిళ్లు తొక్కుతున్నారు, ముసలివాళ్లు చేతులూపుకుంటూ నడుస్తున్నారు. చూడ్డానికి బాగానే ఉంది. దాని కింద ఎవరో తగిలించిన రెండు ముక్కలే నా ప్రాణం తీస్తున్నాయి: ‘అక్కడ రైలు ఆగితే భూమి రైతుకే. మన గిద్దలూరు పక్క పాత మీటర్‌గేజ్ కట్టకూ ఇదే రూలు.’

ఇక ఫోన్లు మొదలు. "సారూ, ఆ కట్ట కింద మా తాత పొలం పోయిందంట. పట్టాలు ఎప్పుడో పీకేశారు గదా, ఇప్పుడు మా పేరున ఎక్కిస్తారంటనే?" సర్వే శాఖలో గొలుసు లాగిన రోజుల్లోనూ ఇదే అడిగేవాళ్లు. రిటైరై, ప్రైవేటుగా కొలతలు చేసుకుంటున్న ఇప్పుడూ ఇదే అడుగుతున్నారు. వీడియో వచ్చాక అడిగేవాళ్లు పెరిగారు, అంతే.

అపోహ: రైలు ఆగిపోతే భూమి పాత యజమానికి తిరిగొస్తుంది.

రాదు.

ముందు అమెరికా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ మాట అక్కడ కొంత నిజమే. అక్కడ చాలాచోట్ల రైలు కంపెనీకి ఉన్నది భూమి కాదు, ఆ భూమి మీదుగా పోయే దారి హక్కు. మన పొలాల్లో పై రైతుకు బండిబాట ఉన్నట్టు. బండి పోవడం మానేస్తే బాట మళ్లీ పొలంలో కలిసిపోతుంది. 1875 నాటి చట్టం కింద రైళ్లకిచ్చింది ఇలాంటి దారేనని 2014లో వాళ్ల సుప్రీంకోర్టు వయోమింగ్ రాష్ట్రానికి చెందిన బ్రాంట్ అనే కుటుంబం కేసులో తేల్చింది. భూమి ఆ కుటుంబానిదే అయింది. అయితే అక్కడా అన్నిచోట్లా అలా కుదరదు. మళ్లీ ఎప్పుడైనా రైలు అవసరం పడొచ్చని దారిని చెడగొట్టకుండా ఉంచి, ఈలోపు జనం నడవడానికి ఇస్తే, దాన్ని వదిలేసినట్టు లెక్కగట్టకూడదని 1983లో చట్టం చేసుకున్నారు. 1990లో ఆ చట్టమూ కోర్టులో నిలబడింది. మిస్సోరీలో 380 కిలోమీటర్లు దాటి ఉండే కేటీ ట్రైల్ ఆ చట్టం అండతో బతికిందే. వీడియో కింద ముక్కలు రాసినాయనకు ఇదంతా అక్కర్లేదు.

ఇప్పుడు మన కట్ట. గుంటూరు - గుంతకల్లు మీటర్‌గేజ్ లైను బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది. దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల చేరేది. 1990ల్లో ఆ ఇరుకు పట్టాల లైనును వెడల్పు చేసి బ్రాడ్‌గేజ్ చేశారు. గేజ్ మార్చేటప్పుడు వంపు సరిచేసి లైను పక్కకు జరిపిన చోట పాత కట్ట ముక్కలు మిగులుతాయి. ఘాట్‌లో దొరబావి వంతెన ఉన్న పాత దారి అలా మిగిలిందే.

రైలుకట్టకు భూమి తీసుకున్నది బండిబాట లెక్కన కాదు. పరిహారం కట్టి, భూసేకరణ చట్టం కింద మొత్తంగా తీసుకున్నారు. 1894 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆ భూమి ఎవరి హక్కులూ మిగలకుండా సంపూర్ణంగా ప్రభుత్వానికి చెందుతుంది. అంతకుముందున్న 1870 చట్టం దారీ ఇదే. తాతకే ఏమీ మిగలనప్పుడు మనవడికి ఏం వస్తుంది? తీసుకున్న పని అయిపోయాక భూమి మిగిలితే? ప్రభుత్వం ఇంకో ప్రజా అవసరానికి వాడుకోవాలి, లేదంటే వేలం వేయాలి. హైవే కోసం తీసుకోగా మిగిలిన భూమి విషయంలో 1997లో కేరళ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

"మరి 2013 భూసేకరణ చట్టంలో ఐదేళ్లు వాడకపోతే వెనక్కి ఇవ్వాలని ఉంది కదా" అంటారు కొంచెం చదువుకున్నవాళ్లు. ఉంది, 101వ సెక్షన్. అది ఆ చట్టం కింద సేకరించి, వాడకుండా వదిలేసిన భూమికి. తరాల తరబడి రైలు కూసిన భూమిని వాడలేదని ఎవరంటారు? పైగా ఆ సెక్షన్‌లో ‘యజమానికి, లేదా ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకు’ అని ఉంటుంది. రెండో సగం దాకా ఎవరూ చదవరు.

ఇంత గొంతు చించుకోవడానికి కారణం ఉంది. నాలుగేళ్ల కిందట కంభం వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. కూతురి పెళ్లికని దాచిన డబ్బుతో మూడు సెంట్లు కొన్నారు. అమ్మినవాడు ‘మా తాతది, రైలు వాళ్లు వదిలేశారు’ అని నోటరీ అగ్రిమెంటు రాసిచ్చాడు. రిజిస్ట్రేషన్ ఎప్పుడయ్యా అంటే ‘సైటు పనిచేయడం లేదు’ అంటూ ఏడాది నెట్టుకొచ్చాడు. నేను ఎఫ్ఎంబీ, అంటే సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం తీసి, స్కేలు పెట్టి చూశాను. స్థలం మొత్తం రైల్వే సర్వే నంబరులో ఉంది. కొలత గొలుసులో ఒక్క లింకంత కూడా బయట లేదు. ఆమె, "పోనీ సగమైనా మాకొస్తదా అన్నా?" అని అడిగింది. చూసిన కొలతే మళ్లీ చూస్తూ కూర్చున్నాను, తలెత్తలేక. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.

కాబట్టి అడ్వాన్సు ఇవ్వక ముందే చూడండి. రైలుకట్టకు ఎఫ్ఎంబీలో విడిగా సర్వే నంబరు ఉంటుంది. ఆర్ఎస్ఆర్ (పాత సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్‌లో రైల్వే అనో పోరంబోకు అనో ఉందేమో చూడండి. ఆ నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ ఆఫీసులో కనుక్కోండి. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) ఖాళీగా వచ్చిందని సంబరపడొద్దు. ఎవరూ రిజిస్టర్ చేయలేని భూమికి ఈసీ ఖాళీగానే వస్తుంది! కట్ట పక్క సొంత పొలం ఉండి హద్దు తగాదా వస్తే, రైల్వే వాళ్లను కూడా పిలిచి జాయింట్ సర్వే అడగండి. నా ఒక్కడి కొలత వాళ్ల మీద చెల్లదు.

అపోహ: పన్నెండేళ్లు సాగు చేస్తే మనదే.

పన్నెండేళ్ల లెక్క ప్రైవేటు భూములది. ప్రభుత్వ భూమికి లిమిటేషన్ చట్టంలో 30 ఏళ్లు. అన్నేళ్లున్నా, అసలు యజమానిని కాదని బహిరంగంగా అనుభవించినట్టు రుజువు చేసుకోవాలి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు హక్కు పత్రాలు కావు. సాగుకు రైల్వే ఇచ్చిన లైసెన్సు ఉంటే అసలు అడగనే అక్కర్లేదు, లైసెన్సు తీసుకున్నారంటేనే భూమి మీది కాదని ఒప్పుకున్నట్టు.

మా మేనమామ ఇలాగే పాత కట్ట వాలులో కంది చల్లేవాడు. తర్వాత పశువుల పాక వేశాడు. హద్దు గుర్తుకు పాతిన రైలుపట్టా ముక్కను పీకి గేదెను కట్టే గుంజ చేశాడు. నేను అప్పుడే సర్వే ట్రైనింగ్ అయి వచ్చాను. వద్దు మామా అంటే, "నాలుగు రోజులు గొలుసు పట్టుకున్నావని నాకు హద్దులు చెప్తావా" అన్నాడు. ఒకరోజు పొద్దున్నే పొక్లెయిన్ వచ్చింది. అరగంటలో పాక లేదు. గేదెను విప్పి వేపచెట్టుకు కట్టి మరీ గుంజను పట్టుకెళ్లారు. రైల్వే ఇనుము దగ్గర పెట్టుకుంటే 1966 చట్టం కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. కేసు లేకుండా పోయిందని మేమంతా దండాలు పెట్టుకున్నాం. నేనే చెప్పి పంపించానని రెండేళ్లు నాతో మాట్లాడలేదు మామ.

నిజంగా గతిలేక కట్ట పక్కన గుడిసె వేసుకున్నవాళ్లకు ఒక మాట. ప్రభుత్వ స్థలాలు ఖాళీ చేయించే 1971 పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం కింద ఎస్టేట్ ఆఫీసర్ నోటీసు వస్తే టెన్షన్ పడి చింపేయకండి, దాచేయకండి. గడువులోపు జవాబు రాయించి ఇవ్వండి, విచారణకు వెళ్లండి. ఖాళీ చేయమని ఆర్డరు వస్తే జిల్లా జడ్జి దగ్గర అప్పీలుకు 12 రోజులే టైము. పన్నెండు అన్న అంకె గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడ.

మిగతావి గబగబా చెప్తాను.

‘వీడియోలో లాగా మన కట్ట మీదా నడకదారి వేస్తే పక్క పొలాలు లాక్కుంటారు.’ మూడు మీటర్ల వెడల్పుంటే మనుషులూ సైకిళ్లూ పోవచ్చు, అది కట్ట నెత్తి మీదే సరిపోతుంది. మంజూరైపోయిందని ఎవరైనా అంటే జీవో నంబరు అడగండి, వెంటనే చల్లబడతాడు.

‘రైలు తిరగని కట్ట మీద ఎవరైనా పోవచ్చు.’ రైల్వే స్థలంలో అనుమతి లేకుండా తిరిగితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. నల్లమల లోపలి ముక్కయితే ఫారెస్టు వాళ్లనూ అడగాలి. అది పులులున్న అడవి, సెల్ఫీలకు పోయే చోటు కాదు.

‘ముసలివాళ్లు అంత దూరం ఎక్కలేరు.’ ఎక్కేదేముంది? రైలు నిటారుగా ఎక్కలేదు కాబట్టి కట్టను నింపాదిగా లేపుతారు, మామూలుగా నూరడుగులకు ఒక అడుగు, అంతకన్నా తక్కువే. మా ఇంటి మెట్లకు మోకాళ్లు పట్టుకునే మా అమ్మ కూడా నడవగలదు. కాకపోతే ముందు ఎవరైనా పర్మిషన్ తేవాలి.