గ్రీన్‌రూమ్ మెట్ల కాడ: అభిమాన గాయకుడు ఎదురైతే ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ఇరవై రెండేళ్లుగా కీబోర్డు, హార్మోనియం వాయిస్తున్నాను. పగలు వేరే కొలువు, పొద్దు గూకినంక పాట. పెండ్లి ఆర్కెస్ట్రాలు, గణపతి మండపాలు, చెరువుగట్టు జాతర, కార్తీకంలో అటు కురుమూర్తి దాకా పోతుంటాం. కొత్తగా నేర్చుకునే పిల్లలు నన్ను అడిగేది రాగాల గురించి తక్కువ. "అన్నా, ఫలానా సింగర్ మనూరికి వస్తున్నడట, ఎట్లన్న కలిపియ్యవా" అన్నదే ఎక్కువ. కలిపించడం కష్టమేం కాదు. కలిస్తే ఏదో జరిగిపోతుందని మాలో పాతుకుపోయిన నమ్మకాలతోనే చిక్కు. వాటిలో సగం ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: పెద్ద కళాకారులు దొరకాలంటే అదృష్టం ఉండాలి.

వాస్తవం: తొందరగా వచ్చే అలవాటుంటే చాలు. కార్యక్రమం రాత్రి ఏడింటికైతే మైక్ టెస్టింగ్ మధ్యాహ్నం మూడు, నాలుగింటికే మొదలవుతుంది. ఆ వేళకు అక్కడ దండలుండవు, నాయకులుండరు. జనరేటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో చాయ్ గ్లాసుతో మీ అభిమాన గాయకుడే ఉంటాడు. వైర్లు పరిచే పిల్లగాడితో నాలుగు మాటలు మాట్లాడినవాడు, రాత్రి బారికేడ్ల వెనక నుంచి కేకలేసేవాళ్ల వంక చూడను కూడా చూడడు.

ఇంకో మాట. మన దిక్కున పెద్ద కళాకారుడంటే ఏసీ కారులోనే వస్తాడని ఎవరు చెప్పారు? పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయించే మొగులయ్య గారు నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథను కిన్నెర మీద పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో అదే మనిషి కూలిపనికి పోతున్నట్టు పత్రికల్లో ఫోటోతో సహా చూశాం. కవి, గాయకుడు గోరటి వెంకన్న గారిది కూడా ఆ జిల్లాలోనే తెలకపల్లి మండలం గౌరారం. పాలమూరులో బస్సెక్కితే పక్క సీట్లో ఎవరు కూచున్నారో తెలుసుకోవడం మన పని.

అపోహ: ఒక్కసారి వినిపిస్తే చాలు, దశ తిరుగుతుంది.

వాస్తవం: దీనికి అందరూ చూపించే ఉదాహరణ బాలు గారు. నిజమే, 1964లో మద్రాసులో ఔత్సాహిక గాయకుల పోటీలో కోదండపాణి గారు ఆయన పాట విన్నారు. కానీ తొలి సినిమా పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న. అంత గొంతుకే, విన్నది సాక్షాత్తు సంగీత దర్శకుడే అయినా, మధ్యలో రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్ల ముచ్చట ఎవరూ చెప్పరు.

అపోహ: ఎదురుపడగానే మన పాట పాడి వినిపించాలి.

వాస్తవం: ఇక్కడ నా బాగోతం చెప్పాలి.

చాలా ఏళ్ల కిందటి మాట. ఎన్.జి. కాలేజీ గ్రౌండ్‌లో సభ. ఏ గాయకుడి పాటలు వినీ వినీ నేను కీబోర్డు కొన్నానో ఆయనే ఆ రోజు వచ్చాడు. పేరు రాయను. ఆయన కీబోర్డు ప్లేయర్ ఎక్కిన బస్సు చౌటుప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంది. మైక్ టెస్టింగ్‌కు మనిషి కావాలి. "నల్లగొండోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని మైకులో అడిగారు. నేను ఉరికాను. జేబులో నేను సొంతంగా కట్టిన పాట కాగితం కూడా ఉంది, సందు దొరికితే వినిపిద్దామని.

"ఒకటిన్నర ఇయ్యి తమ్మీ, మోహన" అన్నాడు ఆయన.

ఒకటిన్నర శ్రుతి అంటే సి షార్ప్. హార్మోనియం మీద మొదటి నల్ల మెట్టు 'స' అవుతుంది. నేనేం చేశానంటే, నాలాంటి వాళ్లంతా చేసేదే. కీబోర్డు మీద అన్ని మెట్ల శ్రుతినీ ఒకేసారి జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కి, హాయిగా తెల్ల మెట్ల మీద వాయించాను. మోహన రాగం సి నుంచి ఐదుకు ఐదూ తెల్ల మెట్లే కదా. శ్రుతి సరిగ్గానే వినపడింది. ఆయన రెండు వరుసలు పాడి ఆగి, నా వేళ్ల వంక చూశాడు. దగ్గరికొచ్చి, వంగి, ఆ బటన్ నొక్కి తెర మీద సున్నా తెచ్చాడు.

"ఇప్పుడియ్యి."

ఒకటిన్నర మీద మోహన అంటే నాలుగు నల్ల మెట్లు, ఒక్కటే తెల్ల మెట్టు. ఆ ఒక్కటే గాంధారం, అంటే 'గ' స్వరం. నా వేలు దాని పక్కనున్న తెల్ల మెట్టు మీద పడింది. అంతర గాంధారం పోయి, దానికంటే ఒక మెట్టు కిందిదైన సాధారణ గాంధారం వచ్చింది. సంగీతం తెలిసినవాళ్లకు అర్థమయ్యే ఉంటుంది: మోహనలో ఆ ఒక్క స్వరం మారితే అది శివరంజని రాగం. సంబురంగా ఎగరాల్సిన పాట పది వేల వాట్ల స్పీకర్లలో శోకాలు పెట్టింది. డోలక్ పిల్లగాడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"పెండ్లి పాటను సావు పాట జేస్తివి గదా తమ్మీ" అని ఆయనా నవ్వాడు. కోప్పడలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూచుని, నా కుడిచేయి పట్టుకుని ఒకటిన్నర మీద మోహన ఆరోహణ, అవరోహణ నాలుగుసార్లు వేయించాడు. బొటనవేలు ఎప్పుడూ గాంధారం మీదికే రావాలన్నాడు. "ఇంటికి పొయ్యి ఆ బటన్ మీద ప్లాస్టర్ అతికియ్యి. నెల దాక పీకకు." అంతలో బస్సులో ఇరుక్కున్న ప్లేయర్ రానే వచ్చాడు. జేబులో కాగితం జేబులోనే ఉండిపోయింది.

ప్లాస్టర్ వేశాను. మొదటి వారం ఏడుపొచ్చింది. ఆయన ఎందుకన్నాడో జాతరల్లో అర్థమైంది. అర్ధరాత్రి దాటేసరికి గాయకుల గొంతులు దిగుతాయి. ఒకే పాట ఒకరు ఒకటిన్నరకు ఎత్తుకుంటారు, వంత అందుకునే అక్క ఐదున్నరలో ఉంటుంది. పాట నడుస్తుండగా బటన్ నొక్కితే స్వరం గతుక్కుమని మారి జనానికి తెలిసిపోతుంది. పైగా మామూలు హార్మోనియానికి బటనే ఉండదు.

అందుకే పిల్లలకు చెప్తాను: వినిపించకండి, ఏదన్నా ఒక్కటి అడగండి. "ఈ పాట ఏ శ్రుతిలో పాడతరు సార్?" అని అడిగితే చాలు, అలసిపోయిన మనిషి కూడా లేచి కూచుంటాడు. పాట ముందు గొంతు దాచుకుంటారు, పాట తర్వాత ఆకలి మీదుంటారు. రెండు వేళల్లోనూ మీ పల్లవి చెవికెక్కదు.

అపోహ: పక్కన నిలబడి ఫోటో దిగితే పరిచయం ఉన్నట్టే.

వాస్తవం: ఫోటో ఉన్నట్టు, అంతే. మా దాంట్లో ఒకరు ఒక ప్రముఖుడితో దిగిన సెల్ఫీని ఆర్కెస్ట్రా ఫ్లెక్సీ మీద అచ్చేయించారు. మిర్యాలగూడ వైపు ఒక పెండ్లిలో అడ్వాన్సు ఇచ్చిన పెద్దమనిషి, రాత్రి తొమ్మిదింటికి "ఆయన ఏడి?" అని స్టేజీ ఎక్కాడు. మిగతా పైసలు రాలేదు, డీజిల్ ఖర్చు మా నెత్తినే పడింది. బిర్యానీ మాత్రం పెట్టారు.

అపోహ: వాద్యం ఒకసారి ముట్టుకుంటే ఏమవుతుంది?

వాస్తవం: కిన్నెర అంటే వెదురు బొంగు, ఎండిన బుర్రలు, తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు. వేలితో నొక్కి చూసే వస్తువు కాదది. డప్పు కొట్టేవాళ్లను మంట కాడ కదిలించకండి. గడ్డి మంటకు తోలు బిగిసి మోగుతుంది, చల్లారితే సాగిపోతుంది. మీ సెల్ఫీ అయ్యేలోపు ఆయన మళ్లీ కాచుకోవాలి.

అపోహ: జానపదం ఎవరిదీ కాదు. ఒకవేళ ఎవరిదైనా, "పాడుకో బిడ్డా" అన్నాడు కాబట్టి యూట్యూబ్‌లో పెట్టుకోవచ్చు.

వాస్తవం: ఒక ఊరి సభలో ఓ పిలగాడు "ఇది మా అమ్మమ్మ కాలం నాటి జానపదం" అని చెప్పి పాట ఎత్తుకున్నాడు. రాసినాయన ముందు వరుసలోనే కూచున్నాడు. పాట అయినంక లేచి, "మీ అమ్మమ్మకు నా దండాలు జెప్పు" అన్నాడు. పిలగాడికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

మనం తరతరాల జానపదం అనుకునే 'పల్లెటూరి పిల్లగాడా' సుద్దాల హన్మంతు గారు రాసింది. ఆయన 1982లో పోయారు. రాసినవారు పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు సాహిత్యం మీద హక్కు ఉంటుంది, అంటే ఈ పాటకు 2042 దాకా. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు ఇంకొకరి పేరుకు మారాలంటే కాగితం, సంతకం కావాలి. సాహిత్యం ఒకరిది, బాణీ ఇంకొకరిది, రికార్డింగ్ కంపెనీది కావచ్చు. స్టేజీ మెట్ల కాడ భుజం తట్టి అన్న మాటను ఆశీర్వాదం అనుకోండి. వీడియో పెట్టే ముందు మాత్రం మళ్లీ ఫోన్ చేసి రాతలో తీసుకోండి. నిజంగా పెద్ద మనసున్నవాళ్లు రాసివ్వడానికి వెనకాడరు.

అపోహ: మళ్లీ కలిస్తే గుర్తుపడతారు.

వాస్తవం: ఏడెనిమిదేళ్ల తర్వాత మహబూబ్‌నగర్‌లో ఒక సభకు నేనే వాద్యం. పాడేది ఎన్.జి. కాలేజీ గ్రౌండ్‌లో నా వేళ్లు సరిదిద్దిన ఆయనే. పొద్దుటి నుంచి నా గుండె దడదడ. టెస్టింగ్‌లో వెళ్లి దండం పెట్టి, నల్లగొండ, శివరంజని, ప్లాస్టర్, అన్నీ గుర్తు చేశాను. "అట్లనా తమ్మీ, మంచిది" అన్నాడు. నలుగురికి నాలుగు చెప్పే మనిషికి నేనొక్కడినే ఎట్ల గుర్తుంటాను? ఆయనకు జలుబు చేసింది, మాటిమాటికీ వేణ్నీళ్లు తాగుతున్నాడు.

రాత్రి ఒకటిన్నరకే ఎత్తుకున్నాడు. రెండో చరణం ముందు నా వైపు చూడకుండానే ఎడమ చేయి కిందికి ఊపాడు, ఒకటికి దిగమని. మధ్యలో వచ్చే బిట్‌లోనే దిగాను. ఆయన వెనక్కి తిరిగి చూడకుండా చరణం అందుకున్నాడు.