చెల్లింపు నొప్పి: ఎంత ఉంటే మంచిది?

ఐదువందల నోటు మార్చాలంటే మనసొప్పదు. ఒకసారి మార్చాక మాత్రం ఆ చిల్లర ఎటు పోయిందో తెలియదు. డబ్బు చెయ్యి దాటేటప్పుడు మనసులో కలుక్కుమనే ఆ బాధను ప్రవర్తనా ఆర్థికశాస్త్రంలో ‘చెల్లింపు నొప్పి’ అంటారు. 1996లో ఓఫర్ జెల్లర్‌మేయర్ తన డాక్టరేట్ పరిశోధనలో దీనికి ఈ పేరు పెట్టాడు. 2007లో బ్రయాన్ నట్సన్ బృందం షాపింగ్ చేస్తున్నవాళ్ల మెదళ్లను స్కాన్ చేసింది. వస్తువు నచ్చినప్పుడు మెదడులో న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగం చురుకైంది. ధర మరీ ఎక్కువనిపించినప్పుడు ఇన్సులా అనే భాగం చురుకైంది. ఒంటి నొప్పినీ రోతనూ పసిగట్టడంలో పాత్ర ఉన్న భాగమే అది.

ఈ నొప్పి మనకు అవసరం. బొత్తిగా లేకపోతే జీతం పదిహేనో తారీఖుకే ఖాళీ. మరీ ఎక్కువైతే బ్యాంకులో డబ్బుండి కూడా పంటి నొప్పిని నెలల తరబడి భరిస్తారు. చూసుకోవలసింది దాని మోతాదు.

డబ్బు కట్టే పద్ధతిని బట్టి ఆ మోతాదు మారుతుంది. డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో బాస్కెట్‌బాల్ టికెట్లను విద్యార్థులకు వేలం వేశారు. క్రెడిట్ కార్డుతో కట్టాల్సినవాళ్లు, నగదు ఇవ్వాల్సినవాళ్ల కంటే దాదాపు రెండింతలు పాడారు. మన దగ్గర 2016లో వచ్చిన యూపీఐ డబ్బు కట్టడాన్ని ఎంతో సులువు చేసింది. కిరాణా కొట్టులో ఏం జరుగుతుందో గమనించండి. స్కాన్ చేస్తాం, అంకె కొడతాం, పిన్ నొక్కుతాం, పచ్చ టిక్కు వస్తుంది, కొట్లో స్పీకరు డబ్బు అందిందని అరుస్తుంది. ఇంత జరిగినా ఖాతాలో ఎంత మిగిలిందో మనంతట మనం అడిగితే తప్ప కనిపించదు. పర్సు తెరిస్తే మిగిలిన నోట్లు కంటబడేవి. చిన్న మొత్తాలకు వాడే యూపీఐ లైట్‌లో పిన్ కూడా అక్కర్లేదు. ఖర్చు అదుపు తప్పుతోందనుకునేవాళ్లు ముందు దాన్ని ఆపేయాలి. ఆటోపే జాబితా తెరిచి, వాడని సబ్‌స్క్రిప్షన్లు తీసేయాలి.

తర్వాత రెండో ఖాతా తెరవండి. లెక్క ఇలా వేసుకోవచ్చు: జీతం 45,000. అద్దె, ఈఎంఐ, ఫీజులు, చిట్టీ, పొదుపు కలిపి 29,000. బండి ఇన్సూరెన్స్, సంక్రాంతి బట్టలు, పెళ్లిళ్ల చదివింపులు ఏడాదికి 36,000 అనుకుంటే నెలకు 3,000 పక్కన పెట్టాలి. మిగిలిన 13,000ను పన్నెండుతో గుణించి 52 వారాలకు పంచితే వారానికి 3,000. ప్రతి సోమవారం అంతే మొత్తం రెండో ఖాతాలో వేసి, యూపీఐని దానికే ఉంచండి. జీతం ఖాతాను యాప్‌లోంచి తొలగించండి.

ఈ ఏర్పాటు సాధారణంగా రెండు చోట్ల దెబ్బతింటుంది. మొదటిది, ఏడాదికోసారి వచ్చే ఖర్చులను మరిచిపోవడం. రెండోది, ఆవేశంలో వారానికి 2,000 చాలనుకోవడం. గురువారానికే అది అయిపోతుంది, ‘ఎలాగూ పోయింది కదా’ అని ఆదివారం దాకా చెయ్యి ఆగదు. అందుకే మూడు నెలల స్టేట్‌మెంట్ చూసి, నిజంగా అయిన ఖర్చులో పదో వంతు మాత్రమే తగ్గించి మొదలుపెట్టాలి. వరసగా మూడు వారాలు చాలకపోతే మీరు పెట్టుకున్న అంకె తప్పు, అంతేగానీ మీలో లోపం లేదు. ఇంకో 300 పెంచండి.

దిగులు కూడా ధరను మార్చేస్తుంది. 2008లో సింథియా క్రైడర్, జెన్నిఫర్ లెర్నర్ తదితరులు చేసిన ప్రయోగంలో, విషాద దృశ్యం చూసినవాళ్లు ఒక నీళ్ల సీసాకు మిగతావాళ్ల కంటే దాదాపు నాలుగింతలు ఇస్తామన్నారు. ఆ దృశ్యం తమ మీద పనిచేయలేదనే వాళ్ల నమ్మకం! కాబట్టి మనసు బాగోక కొంటున్నామని అప్పటికప్పుడు పట్టుకోవడం కష్టం, రాసుకుంటేనే దొరుకుతుంది. 300 దాటిన ప్రతి కొనుగోలు పక్కన అలసట, కోపం, విసుగు, సరదా, ఏదో ఒక్క మాట, టైముతో సహా రాయండి. రెండు మూడు వారాల్లో వరస బయటపడుతుంది. రాత్రి పదకొండు తర్వాత విసుగుతో కొన్నవే ఎక్కువుంటే, ఆ వేళ కార్టులో పెట్టి ఉదయం కాఫీ తాగాక చూడండి. అలాగని ప్రతి సరదా ఖర్చుకూ నొచ్చుకోనక్కర్లేదు. ఏది కొనాలో మనమే తేల్చుకోవడం వల్ల దిగులు కొంత తగ్గుతుందని 2014లో స్కాట్ రిక్ బృందం చూపింది.

ఇక, ఖర్చంటేనే బెంగపడేవాళ్లు. పొదుపరికి మిగల్చడంలో ఆనందం ఉంటుంది, వీళ్లకైతే ఖర్చు పెట్టడంలో బాధ ఉంటుంది. పిల్లలు డబ్బు పంపినా మోకాళ్ల నొప్పికి డాక్టరు దగ్గరకు వెళ్లని పెద్దలు మన ఇళ్లల్లో ఎందరో. వీళ్లకు ‘ఖర్చు పెట్టండి’ అని నచ్చజెప్పి లాభం లేదు, నొప్పి తగ్గే దారి చూపాలి. ప్రెలెక్, లోవెన్‌స్టీన్ 1998లో చెప్పినట్టు, ముందే డబ్బు కట్టేస్తే అనుభవించే వేళకు ఆ బాధ వెనకబడుతుంది. ఆరు ఫిజియోథెరపీ సిట్టింగులకు ఒకేసారి కట్టేయండి. వెళ్లిన ప్రతిసారీ పర్సు తీయాల్సి వస్తే మూడో సిట్టింగుకే మానేస్తారు.